మేజాకు లింగం పోయిన దారి

టొరంటోలోని స్కార్‌బరోలో పోర్చుగీసు మాట చెవిన పడాలంటే పోర్చుగీసువాళ్ళ ఇంటికే పోనక్కర్లేదు. మార్కమ్ రోడ్డు మీద జాఫ్నా తమిళుల దుకాణంలో రొట్టెను 'పాణ్' అంటారు. అది పోర్చుగీసు 'పాఁవ్'. వాళ్ళ కుర్చీ 'కదిరై', పోర్చుగీసులో 'కదైర'. బూట్లు 'సప్పాత్తు', వంటగది 'కుసిని'. అవి అక్కడ 'సపాతు', 'కొజీన్య'. పోర్చుగీసువాళ్ళు 1619లో జాఫ్నా రాజ్యాన్ని మింగి, 1658లో డచ్చివాళ్ళకు అప్పగించి పోయారు. నిండా నలభై ఏళ్ళు లేని ఆ ఏలుబడి మాటలు, 1983 అల్లర్ల తర్వాత ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన కుటుంబాలతో పాటు ఈ ఊరు చేరాయి. ఆ కుటుంబాలుండే అపార్ట్‌మెంటు పై అంతస్తులో మన తెలుగువాళ్ళు తువ్వాలు ఆరేసి, ఊడిన బొత్తాం కుట్టి, చొక్కా ఇస్త్రీ చేసి అలమరలో పెట్టుకుంటారు. ఆ ఒక్క వాక్యంలో నాలుగు పోర్చుగీసు మాటలున్నాయి. అసలు పోర్చుగీసు మాట్లాడే జనం మాత్రం మహానగరానికి ఆ కొసన ఉంటారు. కెన్నడీ స్టేషన్‌లో రెండో లైను రైలెక్కి పడమరగా ఆసింగ్టన్ దాకా పోయి, అక్కణ్ణుంచి దక్షిణంగా డండాస్ వీధికి దిగితే లిటిల్ పోర్చుగల్.

మన నాలుగు మాటల్లో ఇస్త్రీ ఒక క్రియలోంచి పుట్టింది, సాగదీయడం అనే 'ఎస్తిరార్'లోంచి. తక్కిన మూడూ లిస్బన్ రేవులో ఓడెక్కినప్పుడు ఒక్కోదానికి ఒక్కో లింగం ఉంది. తువ్వాలు ఆడది, బొత్తాం మగది, అలమర మగది. రేవులు మారేకొద్దీ ఇలాంటి మాటలు కొన్నిచోట్ల లింగం మార్చుకున్నాయి, కొన్నిచోట్ల పోగొట్టుకున్నాయి. నన్నడిగితే పోర్చుగీసు భాష గురించి రాజుల జాబితా కంటే ఈ లింగాల లెక్కే ఎక్కువ చెబుతుంది.

పోర్చుగీసులో నామవాచకం అన్నాక పుంలింగమో స్త్రీలింగమో అయి తీరాలి. నపుంసకం లేదు. మాటకు ముందు 'ఒ' వస్తే పుంలింగం, 'అ' వస్తే స్త్రీలింగం. ఆ 'ఒ'ను రాయడం అలా రాస్తారు గానీ పలికేది 'ఉ' అనే. పుస్తకం మగది, బల్ల ఆడది. దేశాలకు కూడా తప్పించుకునే వీలు లేదు. ఇండియా స్త్రీలింగం, కెనడా పుంలింగం. స్వదేశమైన పోర్చుగల్‌కు మాత్రం ముందు ఏ అక్షరమూ తగిలించరు. అది ఇంటిపిల్ల కదా, గుర్తింపు కార్డు అడగరు. చివర 'ఒ' ఉంటే మగ, 'అ' ఉంటే ఆడ అని మొదటి రోజు చెబుతారు. రెండో రోజుకే ఆ సూత్రానికి చిల్లులు పడతాయి. రోజు అనే 'దియ' పుంలింగం. చెయ్యి అనే 'మాఁవ్' స్త్రీలింగం. గ్రీకు నుంచి దిగిన 'ప్రొబ్లేమ', 'సిస్తేమ' ఆడవేషంలో ఉన్న మగమాటలు. ఇంకా తమాషా ఏమిటంటే, పిల్లవాడైనా పిల్ల అయినా 'క్రియాన్స' స్త్రీలింగమే. మనిషి అనే 'పెసోవ' కూడా అంతే. బోనులో నిలబడ్డ సాక్షికి గుబురు మీసాలున్నా 'తెస్తెమూన్య' స్త్రీలింగమే, ఆయన గురించి చెప్పే విశేషణం కూడా ఆడరూపంలోనే రావాలి. లింగం మాటది, మనిషిది కాదు.

మనది ఇందుకు సరిగ్గా ఎదురు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో కనిపించే మహత్తు, అమహత్తు అనే విభజన లోకాన్ని చూసి చేసింది. ఏకవచనంలో పురుషుడు ఒక్కడే మహత్తు. ఆడమనిషి, ఆవు, రాయి, వాన అన్నీ ఒకే గాటన 'వచ్చింది'. బహువచనం చేసేసరికి ఆడవాళ్ళు మగవాళ్ళ వరుసలోకి జరిగి 'వచ్చారు' అవుతారు, ఆవులూ వానలూ 'వచ్చాయి' దగ్గరే ఆగిపోతాయి. ఇలా వచనం మారితే గట్టు దాటే లింగవ్యవస్థ తమిళంలో లేదు. అక్కడ ఆమెకు వేరే క్రియారూపం ఉంది. ఈ మహత్తు లెక్క న్యాయమా కాదా అని వాదించేవాళ్ళు వాదించవచ్చు, నాకైతే అది న్యాయంగా తోచదు. కానీ మేజా ఏ లింగమని తెలుగు పిల్లవాడెవడూ బట్టీ పట్టనక్కర్లేదు. ఇక్కడ పుట్టిన మన పిల్లల అవస్థ వేరే. ఇంగ్లీషులో ముగ్గురికి మూడు సర్వనామాలు వాడే అలవాటుతో వచ్చి, తెలుగు క్రియ దగ్గర తడబడతారు. "తాతయ్య వచ్చింది" అంటుంది మనవరాలు. "వచ్చింది కాదమ్మా, వచ్చాడు" అని దిద్దుతుంది అమ్మమ్మ. అని నాలిక కరుచుకుని, "వచ్చారు అనాలి" అంటుంది. మన్నన వచ్చి కూర్చుందంటే లింగం లేచి చోటిస్తుంది. తెలుగు వ్యాకరణంలో అంత గట్టి సూత్రం ఇంకోటి లేదు.

పోర్చుగీసుకు పుంలింగ స్త్రీలింగాల రెండు గదులే ఎలా మిగిలాయో చూడాలంటే రోము దాకా పోవాలి. క్రీస్తుపూర్వం 218లో రోమన్ సైన్యం ఐబీరియాలో దిగినప్పుడు వాళ్ళ లాటిన్‌కు మన సంస్కృతం లాగే మూడు లింగాలు. సిపాయిల నోట, సంతల్లో ఆ లాటిన్ అరుగుతూ వచ్చింది. పదాంతంలోని మకారం రాలిపోయింది. నపుంసకం ఏకవచనం పుంలింగంతో కలిసిపోయింది. నపుంసకం బహువచనం 'అ'తో ముగిసేది కనుక జనం దాన్ని స్త్రీలింగం ఏకవచనం అనుకున్నారు. లాటిన్‌లో 'ఫోలియ' అంటే ఆకులు, నపుంసకం బహువచనం. పోర్చుగీసులో 'ఫోల్య' ఒకే ఒక్క ఆకు, స్త్రీలింగం. అయితే గుంపు అనే పాత వాసన కొన్నిచోట్ల వదల్లేదు. 'లేన్యు' అంటే ఒక దుంగ, పుంలింగం. 'లేన్య' అంటే పొయ్యిలో పెట్టే కట్టెల మోపు, స్త్రీలింగం. 'ఓవు' గుడ్డు, 'ఓవ' చేప కడుపులోని గుడ్ల తిత్తి. ఈ జంటల్లో ఆడామగా తేడా ఏమీ లేదు. ఒకటికీ కుప్పకూ ఉన్న తేడా లింగంగా వేషం మార్చింది. నపుంసకం పూర్తిగా చచ్చిపోనూ లేదు. ఇది, అది, అంతా అనే అర్థాల్లో 'ఇస్తు', 'అకీలు', 'తూదు' అని ఓ నాలుగు ముక్కలు ఏ లింగానికీ చెందకుండా నేటికీ తిరుగుతున్నాయి.

తర్వాత వాయవ్య మూల, ఇప్పటి గలీసియా, ఉత్తర పోర్చుగల్ ప్రాంతంలో ఇంకో వింత జరిగింది. రెండు అచ్చుల మధ్య చిక్కిన లకారం, నకారం కరిగిపోయాయి. చంద్రుడు 'లూన' నుంచి 'లూవ' అయ్యాడు. అక్కడ చంద్రుడు ఆడది, చంద్రిక అనుకోండి. రంగు అనే 'కొలోరె' కుంగి 'కోర్' అయింది, నొప్పి అనే 'దొలోరె' 'దోర్' అయింది. చెయ్యి 'మాను' నుంచి 'మాఁవ్' అయింది. నకారం పోతూ పోతూ ముక్కులో ఊదిన గాలే ఇవాళ పోర్చుగీసుకు గుర్తయిన అనునాసికం. లింగాన్ని చెప్పే ఆ 'ఒ', 'అ' కూడా ఈ కరుగుడు ఫలితమే. పూర్వం అవి 'లొ', 'ల'. స్పానిష్‌లో ఆడదానికి 'ల' నేటికీ ఉంది, పోర్చుగీసులో అది ఒట్టి అచ్చుగా మిగిలింది. పైగా పక్కింటి స్పానిష్‌తో లింగాల తగాదా కూడా వచ్చింది. పాలు, ఉప్పు, రక్తం, ముక్కు స్పానిష్‌లో స్త్రీలింగం, పోర్చుగీసులో పుంలింగం. రంగు, నొప్పి, చెట్టు, వంతెన, ప్రయాణం అక్కడ పుంలింగం, ఇక్కడ స్త్రీలింగం. తల్లి ఒక్కతే, కన్న బిడ్డలు ఇద్దరు, ఇద్దరికీ ముక్కు మగదా ఆడదా అన్న దగ్గర పొంతన లేదు. వస్తువులో లింగం లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

711లో ముస్లిం సైన్యాలు దక్షిణాన దిగి, చక్కెర, నూనె లాంటి అరబ్బీ మాటలు ఇచ్చాయి. 1143లో అఫోన్సు హెన్రీక్స్ రాజుగా నిలదొక్కుకున్నాడు. 1214లో రెండో అఫోన్సు వీలునామా పోర్చుగీసులో రాశారు. తనే కవి అయిన దినీష్ రాజు (1279–1325) ఈ భాషను ఆస్థాన పత్రాలకు తెచ్చాడు. ఆనాటి ప్రేమగీతాల్లో నాయికను 'సెన్యోర్' అని పిలిచేవారు. ఇప్పుడా మాటకు 'అయ్యగారు' అని అర్థం. 'అమ్మగారు' అనే 'సెన్యోర' ఆ తర్వాత చివర 'అ' చేర్చుకుని స్థిరపడింది. పోర్చుగీసు అనే మాటకే అప్పట్లో వేరే ఆడరూపం ఉండేది కాదు. రెండు గదులు ఆదినుంచీ ఇంత కట్టుదిట్టంగా లేవన్నమాట. గోడ మీద సున్నం కొట్టింది వ్యాకర్తల కాలం.

ఆ కాలం 1536లో ఫెర్నాఁవ్ ద ఒలివైర వ్యాకరణంతో మొదలైంది. 1540లో జువాఁవ్ ద బారుష్ రెండోది రాశాడు. ఈ బారుష్ ఉద్యోగం చేసింది లిస్బన్‌లోని 'కాజ ద ఇండియ'లో, అంటే తూర్పుదేశాల వర్తకాన్ని చూసే సర్కారు కచేరీలో. ఒక చేత్తో మిరియాల జమాఖర్చు, ఇంకో చేత్తో పుంలింగ స్త్రీలింగాలు. ఆపైన ఆసియాలో పోర్చుగీసుల చరిత్రను సంపుటాలుగా రాశాడు, మొదటిది 1552లో అచ్చయింది. వ్యాకరణం, ఓడలు, సామ్రాజ్యం ఒకే బల్ల మీద తయారయ్యాయి.

లింగం కాసేపు పక్కన పెడితే, తెలుగువాడికి ఈ భాషలో ఒక సులువుంది. 'ఉండటం' అక్కడ రెండు క్రియలు. స్వభావం చెప్పడానికి 'సేర్', ప్రస్తుతపు స్థితి చెప్పడానికి 'ఎస్తార్'. ఇంగ్లీషువాడు దీనికి ఏళ్ళ తరబడి కుస్తీ పడతాడు. మనకా తేడా పుట్టుకతోనే తెలుసు. 'ఆమె అందగత్తె' అన్నప్పుడు మనం క్రియే పెట్టం, 'ఆమె ఇవాళ అందంగా ఉంది' అన్నప్పుడు పెడతాం. క్రియ లేని చోట దాదాపు 'సేర్', 'ఉంది' ఉన్న చోట దాదాపు 'ఎస్తార్'. వారాల పేర్లు మాత్రం అడ్డం తిరుగుతాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా గ్రహాల ఊసే లేదు, రెండో రోజు, మూడో రోజు అని అంకెలే. ఆరో శతాబ్దంలో బ్రాగ బిషప్ మార్టిన్ అన్యదేవతల పేర్లు వద్దన్నాడని చెబుతారు. అంకెల రోజులు ఐదూ స్త్రీలింగం, శని ఆదివారాలు పుంలింగం. సెలవు దినాలు మగవాళ్ళకు పోయాయి, అందులో ఆశ్చర్యమేముంది!

ఇక మన గడ్డ. 1520 ప్రాంతంలో దొమింగు పాయిష్, 1535 ప్రాంతంలో గుర్రాల వ్యాపారి ఫెర్నాఁవ్ నూనిష్ విజయనగరం చూసి పోర్చుగీసులో రాసిపెట్టారు. శ్రీకృష్ణదేవరాయల రూపురేఖలు, కసరత్తు గురించి మనం చెప్పుకునేది చాలావరకు పాయిష్ పుణ్యం. డేవిడ్ లోపిష్ 1897లో లిస్బన్‌లో ఆ రాతలను అచ్చు వేయించాడు, 1900లో సీవెల్ ఇంగ్లీషు అనువాదంతో అవి మన చరిత్రకారుల చేతికి వచ్చాయి. పోర్చుగీసులో నగరం స్త్రీలింగం, రాజ్యం పుంలింగం. అలా వాళ్ళు 'బిస్నగ' అన్న విజయనగరం ఆడదిగానూ, రాయల రాజ్యం మగదిగానూ వాళ్ళ వాక్యాల్లో నడిచింది. మన భాషలో రెండూ 'అది'.

ఓడలతో పాటు సరుకులు, సరుకులతో పాటు పేర్లు దిగాయి. అనాస, బొప్పాయి పండ్ల బుట్టలోవి. పీపా, బాల్చీ, మేజా ఇంటి సామాన్లు. మేజాకు పారశీకం కూడా వారసత్వం అడుగుతుంది, ఆ దావా ఇంకా తెగలేదు. మేస్త్రి, పాదిరి, ఆయా మనుషులు. వేలం సంతలోది. తాళంచెవిలో ఉన్నది మన చెవి కాదు, పోర్చుగీసు తాళపు మాట. ఈ మాటను ఇప్పుడు లిస్బన్‌లో 'షావ్' అన్నట్టు పలుకుతారు. పదహారో శతాబ్దంలో ఆ మొదటి హల్లు 'చ'యే. లిస్బన్ పారేసుకున్న చకారాన్ని మన తాళాల గుత్తి భద్రంగా దాచింది.

ఇప్పుడు లింగాలకు ఏమైందో చూడండి. హిందీకి కూడా పుంలింగ స్త్రీలింగాలు రెండే. కాబట్టి వచ్చిన ప్రతి మాటకూ ఒక లింగం కేటాయించాల్సి వచ్చింది. కేటాయించింది లిస్బన్‌ను అడిగి కాదు, మాట చివర చూసి. గది అనే 'కామర' అక్కడ స్త్రీలింగం, హిందీలో 'కమ్‌రా' అయి పుంలింగంలో పడింది. తువ్వాలు కూడా అక్కడ ఆడది, హిందీ 'తౌలియా' మగది. బాల్చీ అక్కడ 'బాల్ద్', పుంలింగం. హిందీలో 'బాల్టీ' అయి స్త్రీలింగంలో చేరింది. అలమరకూ అదే గతి. ఈకారం తగిలితే ఆడ, ఆకారం తగిలితే మగ అన్న హిందీవాడి చెవి ముందు రాయల నాటి వ్యాకరణం నిలవలేదు. తెలుగులో ఆ తంటా లేనే లేదు. సామాన్లన్నీ అమహత్తులో పడి 'అది' అయ్యాయి. మేస్త్రి, పాదిరి మగవాళ్ళు కనుక 'వచ్చాడు' అయ్యారు, ఆయా ఆడమనిషి కనుక 'వచ్చింది' అయింది. వచ్చిన మాట లింగపత్రాన్ని మన సుంకంవాడు చూడనైనా చూడలేదు.

తీరంలో పోర్చుగీసు అధికారం సన్నగిల్లాక కూడా భాష చాలాకాలం నిలిచింది. 1639లో దామెర్ల వెంకటాద్రి ఇంగ్లీషువాళ్ళకు మద్రాసులో చోటిచ్చినప్పుడు, పక్కనే శాంతోములో పోర్చుగీసులున్నారు. కొత్త కోటలో అందరికీ తెలిసిన బేరాల భాష పోర్చుగీసే. 1698 నాటి ఈస్టిండియా కంపెనీ పట్టా, తూర్పున దిగిన మతగురువులు ఏడాదిలోగా పోర్చుగీసు నేర్వాలని షరతు పెట్టింది. ఇంగ్లీషువాడు తెలుగుతో మాట్లాడటానికి మూడో భాష కావలసిన కాలమది. ఆ రోజుల్లో తెలుగుకు ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు 'జెంటూ'. అన్యమతస్థుడు అనే అర్థంలో పోర్చుగీసులు వాడిన 'జెంతియు' నుంచి వచ్చింది. 1816లో క్యాంబెల్ అచ్చు వేయించిన తెలుగు వ్యాకరణం శీర్షికలో కూడా, జనం జెంటూ అని పిలిచే భాష అన్న ముక్క ఉంది. రాయల భాషకు రెండువందల ఏళ్ళ పాటు దస్తావేజుల్లో ఉన్న పేరు ఒక పోర్చుగీసు పుంలింగ పదం.

ఆ బేరాల పోర్చుగీసు కొన్నిచోట్ల ఇళ్ళల్లోకి దూరి కొత్త భాషలయింది. మహారాష్ట్రలో కొర్లయి, శ్రీలంకలో బట్టికలోవ ఇలాంటి చోట్లు. అక్కడ పోర్చుగీసు మాటలే ఉంటాయి గానీ క్రియ మన పద్ధతిలో వాక్యం చివరికి జరిగింది, లింగాన్వయం ఊడిపోయింది. ఐదువందల ఏళ్ళు లిస్బన్ పండితులు కాపాడిన దాన్ని కొర్లయి జనం అక్కర్లేదని వదిలేశారు. భాష ఏమీ కుంటుపడలేదు.

కెనడాకు పోర్చుగీసు ఇంకో దారిలో వచ్చింది. లాబ్రడార్ అన్న పేరు అజోర్స్ దీవులవాడైన జువాఁవ్ ఫెర్నాందిష్ 'లవ్రదోర్' నుంచి వచ్చింది, రైతు అని అర్థం, పుంలింగం. 1693లో మాంట్రియల్ నుంచి క్విబెక్‌కు ఉత్తరాలు మోసి కూలి పుచ్చుకున్న పెద్రు ద సిల్వను కెనడా మొదటి టపావాడిగా చెప్పుకుంటారు. 2003లో ఆయన పేర తపాలా బిళ్ళ వేశారు. అసలు వలస మొదలైంది 1953 మే 13న, సటూర్నియా ఓడ హాలిఫాక్స్ చేరినప్పుడు. రైలు పట్టాల పనికి, పొలాల పనికి వచ్చినవాళ్ళు టొరంటో చేరి మేస్త్రులయ్యారు. వాళ్ళ ఆడవాళ్ళు రాత్రిళ్ళు ఆఫీసులు ఊడ్చారు. ఎక్కువమంది అజోర్స్ దీవులవాళ్ళే.

వాళ్ళకిక్కడ ఎదురైంది హిందీవాడి సమస్యే. ఇంగ్లీషుకు లింగం లేదు, కానీ ఇంగ్లీషు మాట పోర్చుగీసు వాక్యంలోకి రావాలంటే ముందు 'ఒ' కావాలి, లేదా 'అ' కావాలి. ట్రక్కు 'ట్రొక్' అయి పుంలింగంలో కుదిరింది. మార్కెట్టు 'మర్కేత' అయి స్త్రీలింగంలో కుదిరింది. అమెరికాలో ఇలాంటి పోర్చుగీసు గురించి లియో పాప్ 1949లోనే ఒక పుస్తకం రాశాడు. మన స్కార్‌బరో తెలుగులో బస్సు, కారు, ఫ్రిజ్జు చివరన ఒక ఉకారం తగిలించుకుని చక్కా 'వచ్చింది' అంటూ పోతాయి. ఈ విషయంలో మనది ఖర్చు లేని కాపురం.

అయితే డండాస్ వీధి కొట్లో చిల్లర పుచ్చుకుని కృతజ్ఞత చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. చెప్పేది మగవాడైతే 'ఒబ్రిగాదు', ఆడమనిషి అయితే 'ఒబ్రిగాద'. ఎదుటివాళ్ళెవరన్నది సంబంధం లేదు, నోరెవరిదన్నదే లెక్క. తెలుగులో 'నేను వచ్చాను' అంటే ఎవరన్నారో ఎవరికీ తెలియదు. ఉత్తమపురుషలో మనం లింగం అడగం. పోర్చుగీసు క్రియ కూడా అడగదు, విశేషణం అడుగుతుంది. 'అలసిపోయాను' అనడానికి కూడా మగ అలసట వేరు, ఆడ అలసట వేరు. తాత 'అవో', అవ్వ కూడా 'అవో'యే, ఆ చివరి అచ్చుకు నోరు మూసి పలికితే తాత, తెరిచి పలికితే అవ్వ. ఇద్దరినీ కలిపి చెప్పేటప్పుడు, మగరూపమే గెలిచే ఆ భాషలో, ఎందుకో నోరు తెరిచిన అవ్వ అచ్చే గెలిచింది.

మగరూపం గెలవడం మీదే ఇప్పుడు బ్రెజిల్‌లో గొడవంతా. నూరుమంది ఆడవాళ్ళ మధ్య ఒక్క మగవాడుంటే అందరూ 'తోదుస్', అంటే పుంలింగం. 2011లో దిల్మ రుసెఫ్ దేశాధ్యక్షురాలయ్యాక, తనను రెండు లింగాలకూ సరిపోయే 'ప్రెసిదెంత్చి' అని కాక 'ప్రెసిదెంత' అని పిలవమంది. పత్రికలు రెండుగా చీలాయి, ఆ రూపం నిఘంటువుల్లో ముందునుంచీ ఉన్నదే అయినా. 2012లో చట్టం వచ్చింది, చదువుల పట్టాల మీద వృత్తి పేర్లు పట్టా పుచ్చుకున్నవాళ్ళ లింగాన్ని బట్టి రాయాలని. అధ్యక్షురాలు, రచయిత్రి, కవయిత్రి అని రాసుకునే మనకు ఇది కొత్తగా తోచదు. 2021లో సావో పాలోలోని పోర్చుగీసు భాషా మ్యూజియం తిరిగి తెరుస్తూ 'తోదుస్, తోదస్'తో పాటు 'తోదిస్' అని మూడో రూపం కూడా వాడింది, ఆడా మగా కాని అందరి కోసం. రచ్చ రచ్చయింది. అదే ఏడు రొందోనియ రాష్ట్రం ఇలాంటి రూపాలను బడుల్లో నిషేధిస్తూ చట్టం చేసింది. 2023 ఫిబ్రవరిలో బ్రెజిల్ సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, చదువుల విధివిధానాల మీద చట్టం చేసే అధికారం కేంద్రానిదే గానీ రాష్ట్రానిది కాదని. పోర్చుగీసుకు మూడో లింగం ఉండవచ్చా అన్న సంగతి జోలికి న్యాయమూర్తులు పోలేదు.